పద్దుకెక్కని మేలు

తెలుగువాళ్ల పెళ్లికి వెళ్తే భోజనాల బంతి కంటే ముందు కనిపించేది చదివింపుల బల్ల. ఒకాయన నోటుపుస్తకం తెరిచి కూర్చుంటాడు. ఎవరు, ఏ ఊరు, ఎంత. పెళ్లయ్యాక ఆ పుస్తకం పెట్టెలోకి వెళ్లిపోతుంది. ఇచ్చినవాళ్లింట్లో శుభకార్యం వచ్చినప్పుడు మళ్లీ బయటికొస్తుంది. వాళ్లు చదివించినదానికి వీళ్లు ఒక్క రూపాయైనా తగ్గరు. ఇందులో తప్పేమీ లేదు. తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి సోలాపూర్ తూర్పు పేటల్లో స్థిరపడ్డ పద్మశాలీలకు పరాయి ఊళ్లో అండగా నిలిచినవి ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడాలే.

క్రీస్తు పక్కన పెట్టమన్నది సరిగ్గా ఈ పుస్తకాన్నే. లూకా సువార్త 14వ అధ్యాయంలో ఆయన ఒక పరిసయ్యుల పెద్ద ఇంట భోజనానికి కూర్చుని, పిలిచిన గృహస్థుడికే ఆ మాట చెబుతాడు. విందు చేస్తే చుట్టాలనూ, కలిగినవాళ్లనూ కాదు, బీదలనూ, కుంటివాళ్లనూ, గుడ్డివాళ్లనూ పిలవమంటాడు. ఎందుకంటే వాళ్లు తిరిగి పిలవలేరు. ప్రతిఫలం సంగతి పునరుత్థానానికి వదిలేశాడు.

లేనివాడికి పెట్టడం చాలామందికి చేతనవుతుంది. పెట్టాక అతని నుంచి ఏమీ కోరకుండా ఉండటమే కష్టం. డబ్బు అడగకపోతే దండం కోరతాం. దండం వద్దనుకున్నవాడు కూడా ఒక్కోసారి విశ్వాసం కోరతాడు.

1876-78లో వచ్చిన ధాత కరువు సోలాపూర్‌నూ కాల్చింది, ఒంగోలునూ కాల్చింది. 1866 నుంచి ఒంగోలులో ఉంటున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ అప్పుడు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో నడిచొచ్చినవాళ్లు వేలల్లో చేరారు. పలుగు ఎత్తితే కూలి, తట్ట మోస్తే కూలి. వచ్చినవాళ్లలో చాలామంది బాప్తిస్మం కూడా అడిగారు.

క్లౌ ఇవ్వలేదు. కరువు సాయం నడిచిన పదిహేను నెలలూ ఇవ్వలేదు. తిండి కోసం ఎవరూ క్రైస్తవులు కాకూడదన్నది అతని పట్టు. సాయం ఆగిపోయాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

అన్నం పెట్టి మతంలో కలిపారన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. ప్రాణం నిలబెట్టినవాడు నోరు విప్పకపోయినా అతని మాటకు బరువుంటుంది. క్లౌ మనసులో ఆశ లేదనీ ఎవరూ అనలేరు, ఆ ఆశతోనే సముద్రం దాటి వచ్చాడు. అయితే ఆశ వేరు, వెల వేరు. అడిగి వచ్చేవాళ్లను ఆపి, కూలిని కూలిగానే వాళ్ల చేతిలో పడనిచ్చాడు. ఎంతమంది చేరారో స్వదేశానికి రాసి పంపాల్సిన మనిషికి అది చిన్న నిగ్రహం కాదు. ఇవాళ బియ్యం సంచితో పాటు పేదవాణ్ని నిలబెట్టి ఫొటో తీయించే సంఘాలు ఆ పదిహేను నెలల్ని గుర్తు చేసుకోవాలి.

ఇటువంటి మేలు అవతలి గట్టు నుంచీ వచ్చింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి తలపెడితే పెద్ద మొత్తం ఇచ్చి ఆదుకున్నవాడు హిందువైన రాజా నర్సా గౌడ్.

ఇలాంటి మేలుకు పెద్ద మొత్తాలే అక్కర్లేదు. సోలాపూర్‌లో మగవాళ్లు పవర్‌లూమ్‌ల మీద చద్దర్లు, తువాళ్లు నేస్తుంటే వేలాది తెలుగు ఆడవాళ్లు ఇంట్లోనే బీడీలు చుడతారు. తునికాకు నానబెట్టాలి, కొలతకు కత్తిరించాలి, తంబాకు పోసి చుట్టి దారం కట్టి మూతి మడవాలి. కూలి వెయ్యికి ఇంతని. వాళ్లలో ఒకామెకు జ్వరమొచ్చి వెయ్యికి రెండొందలు తక్కువయ్యాయనుకుందాం. తన పని ముగించుకున్న పక్కింటామె ఆమె చాట ఒళ్లోకి తీసుకుంటుంది. నడుము పట్టేసినా రాత్రి లైటు కింద కూర్చుని ఆ రెండొందలూ చుట్టి పెడుతుంది. మర్నాడు కార్ఖానాలో గుమస్తా కట్టలు లెక్కపెట్టుకుని వెయ్యి అని రాస్తాడు. పుస్తకంలో ఉండేది జ్వరమొచ్చినామె పేరే.