పిలుపులో ఇంటిపేరు

ఆస్పరి బజారులో నిలబడి "బాషా!" అని కేక వేస్తే నలుగురు వెనుదిరిగి చూస్తారు. పిలిచినవాని తప్పు లేదు, పలికినవారి తప్పూ లేదు; పిలుపే అసంపూర్ణం. తరగతిలో సంబోధన ప్రథమను బోధించే నాకు, కంప్యూటరు విద్యార్థుల పాఠంలోనూ ఇదే చిక్కు కనిపించడం విస్మయం కలిగించింది.

1995లో వెలువడిన కోల్డ్ ఫ్యూజన్‌లో, పదేపదే అవసరమయ్యే భాగాన్ని ఒకసారి వ్రాసి, సొంత ట్యాగుగా దాచుకొని, కావలసిన పుటలోనికి పిలుచుకొనే సౌకర్యం ఉంది. పిలిచే మార్గాలు మూడు.

మొదటిది, పేరుకు ముందు 'సీఎఫ్' అని, క్రిందిగీత చేర్చి పిలవడం. ఇది మిక్కిలి సులభం. అయితే యంత్రం ముందుగా ఆ పుట ఉన్న ఫోల్డరులోను, పిదప ట్యాగులకై ప్రత్యేకించిన ఫోల్డరులోను, దాని ఉపఫోల్డర్లలోను, చివరకు నిర్వాహకుడు సూచించిన చోట్లలోను వెదకి, మొదట దొరికినదానినే తెచ్చి నిలుపుతుంది. అదే పేరుగలది మరొకటి ఉన్నదని హెచ్చరించదు.

రెండవది 'సీఎఫ్ మాడ్యూల్'. ఇందులో ఫైలు చిరునామానే చెప్పవచ్చు. సందిగ్ధత తొలగుతుంది, కాని ఫైలు స్థానం మారిననాడు అటువంటి ప్రతి పిలుపునూ దిద్దవలసిందే.

మూడవది 2002లో ఎంఎక్స్‌తో వచ్చిన 'సీఎఫ్ ఇంపోర్ట్'. ఒక ఫోల్డరులోని ట్యాగులన్నింటికీ ఇంటిపేరు వంటి ఉపసర్గను నిర్ణయించి, దానితో కలిపి పిలుస్తారు. ప్రతి పుటలోనూ ఆ వాక్యం వ్రాయవలసి రావడం శ్రమయే. ఫోల్డరు మారితే మాత్రం పుటకు ఒక్క వాక్యం దిద్దితే చాలు.

ఒక్కరే వ్రాసే చిన్న పనికి మొదటి మార్గం చాలు. పలువురు కలిసి వ్రాసేచోట మూడవదే శ్రేయస్కరమని నా అభిప్రాయం. మార్కుల పట్టిక రూపొందిస్తూ ఇద్దరు విద్యార్థులు తమ ట్యాగులకు 'టోటల్' అనే పేరే పెట్టారనుకుందాం. ఒకరిది ప్రయోగపరీక్ష మార్కులను కలుపుతుంది, మరొకరిది కలపదు. తప్పు ట్యాగు పలికినా పుట చక్కగానే కనబడుతుంది. ఉత్తీర్ణుడు కావలసినవాడు అనుత్తీర్ణుడవుతాడు.

నేడు కోల్డ్ ఫ్యూజన్ వాడుక తగ్గినా ఈ సమస్య తీరలేదు. ఇప్పటి బ్రౌజర్లు సొంత ట్యాగు పేరులో చిన్నగీత ఉండి తీరాలంటాయి. భాషకు స్వతస్సిద్ధమైన ట్యాగులతో అది కలిసిపోకూడదనియే ఆ నియమం.

కావున విద్యార్థులు పేరు పెట్టేనాడే దానికొక ఇంటిపేరునూ పెట్టడం అలవరచుకోవాలని నా మనవి.