నక్షత్రగర్భము – మన తరగతి గది

కోనసీమలో కొబ్బరికాయ బేరమాడేవాడు కాయను పగులగొట్టి చూడడు. చెవి దగ్గర ఊపుతాడు, వేలితో తడతాడు. ఆ చప్పుడును బట్టి లోపల నీరెంత ఉన్నదో, కొబ్బరి ముదిరినదో లేదో చెబుతాడు. తెరచి చూడలేని వస్తువు లోపలి గుట్టును అది పలికే తీరును బట్టి గ్రహించడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. శాస్త్రజ్ఞులు నేడు ఈ విద్యనే న్యూట్రాన్ నక్షత్రాలపై ప్రయోగిస్తున్నారు.

భారీ నక్షత్రం ఆయువు తీరి పేలిపోయిన పిదప మిగిలే నడిబొడ్డే న్యూట్రాన్ నక్షత్రము. సూర్యుని మించిన ద్రవ్యరాశి కొద్ది కిలోమీటర్ల గోళంలో ఇమిడి ఉంటుంది. అందులోని చెంచాడు పదార్థం వందల కోట్ల టన్నులు తూగుతుంది. అంతటి ఒత్తిడిలో పదార్థం న్యూట్రాన్లుగానే నిలుస్తుందా, క్వార్కులుగా విడిపోతుందా? ఆ స్థితిని నిలిపి చూడగల ప్రయోగశాల భూమిపై లేదు.

2017 ఆగస్టు 17న అమెరికాలోని రెండు లైగో పరికరాలు సుమారు 100 సెకన్లపాటు ఒక గురుత్వ తరంగాన్ని విన్నాయి. ఇటలీలోని విర్గో తోడ్పాటుతో అది వచ్చిన దిక్కు తెలిసింది. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ ఢీకొన్నాయి. లైగో పరికరపు ఒక్కొక్క చేయి 4 కిలోమీటర్లు. రాజమండ్రి – కొవ్వూరుల రోడ్డు రైలు వంతెనపై రోడ్డు పొడవు దాదాపు అంతే. అంత పొడవులో ప్రోటాన్ వ్యాసంలో వెయ్యవ వంతుకన్న తక్కువ మార్పును ఆ పరికరం పసిగట్టగలదు.

చంద్రుని ఆకర్షణకు సముద్రం పొంగి అంతర్వేది వద్ద పోటు వచ్చినట్లే, దగ్గరపడిన ఆ నక్షత్రాలలోను ఒకదాని లాగుడుకు మరొకటి సాగుతుంది. ఎక్కువగా సాగితే అవి మరింత త్వరగా చేరువవుతాయి, తరంగపు లయ మారుతుంది. ఆ లయలో అధికమైన సాగుడు కనబడలేదు. కనుక ఆ నక్షత్రాలు మరీ పెద్దవి కావని తేలింది. వాటి వ్యాసార్థం సుమారు 11.9 కిలోమీటర్లని, అటూ ఇటూ 1.4 కిలోమీటర్ల తేడా ఉండవచ్చునని 2018లో లెక్కగట్టారు. అయితే ఢీకొన్న తరువాతి ధ్వని పరికరాలకు అందలేదు. క్వార్కుల ప్రశ్న ఇంకను మిగిలియున్నది.

ఇక మా అభిప్రాయము. మహారాష్ట్రలోని హింగోలి జిల్లా ఔంఢా నాగనాథ్ వద్ద లైగో–ఇండియాను సుమారు 2,600 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించడానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. ఆ జిల్లా నీరు పూర్ణా, పెన్‌గంగల ద్వారా చివరకు మన గోదావరిలోనికే చేరుతుంది. ఆ నీరు త్రాగే మన పిల్లలు ఆ విద్యకు దూరంగా ఉండవలసినదేనా?

“అన్నం పెట్టని చదువు మనకెందుకు?” అని తల్లిదండ్రులు అడుగుతారు. కూలి డబ్బుతో ఫీజు కట్టేవారి ప్రశ్నను మేము చులకన చేయము. కాని ఇటువంటి పరికరానికి భౌతికశాస్త్రజ్ఞులే కాదు, నిర్వాత గొట్టాలు, లేసర్లు, కంప్యూటర్లు ఎరిగినవారందరు కావాలి. నక్షత్రగర్భాన్ని వెతికే దారిలో చేతిపని కూడా ఉన్నది.

మన భాషలలో ఇది చెప్పలేమనడం సరికాదు. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించింది. తరంగమన్నా, మౌజ్ అన్నా అల ఒక్కటే.

తెలుగు బోధించే మేము నక్షత్రాలను ఇన్నాళ్లు కవుల ఉపమానాలుగా మాత్రమే చెప్పాము. ఆ లోపం మాది. రాబోయే సంచికనుండి విద్యార్థులు వ్రాసిన ఒక విజ్ఞాన వ్యాసం ఈ పత్రిక ఉర్దూ, తెలుగు విభాగాలు రెండింటను రావాలని, అందుకై భౌతికశాస్త్ర, భాషా శాఖలు కలిసి కూర్చోవాలని కోరుతున్నాము. పదాలు కూర్చే పనికి మేము సిద్ధము.