రాయి అందరిదీ, చెక్కుడు నీది

ఈ వారం స్టూడియో కబురు కాదు, బస్టాండు కబురు!

నంద్యాలలో ఆళ్ళగడ్డ బస్సు కోసం నిలబడి ఉంటే ఓ కుర్రవాడు దగ్గరికొచ్చాడు. చేతిలో లావుపాటి నోటుబుక్కు. "అన్నా, మీరు సినిమా పత్రికకు రాస్తారంట గదా! నాకాడ కథొకటి ఉంది. యా నిర్మాతకు చెప్పల్ల?" అన్నాడు.

పుస్తకం తిరగేశాను. నిండినవి నాలుగు పేజీలే. మిగతాదేదీ అంటే, "బుర్రలో ఉందన్నా" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు తెలుసు. డిగ్రీ అయిన కొత్తలో హైదరాబాదులో ఒక ఆఫీసులో రెండున్నర గంటలు కథ చెప్పాను. టీ ఇచ్చారు, భుజం తట్టారు, కబురు చేస్తామన్నారు. కబురు రాలేదు. రెండేళ్ళకు నంద్యాలలో సినిమా చూస్తుంటే నా ఇంటర్వెల్ సీను లాంటిదే తెరమీద కనిపించింది! నాది విన్నారో, వాళ్ళకే తట్టిందో దేవుడికెరుక. నాదని చూపడానికి నా దగ్గర కాగితం ముక్క లేదు. ఇప్పటికీ నన్ను తొలిచేది అదే.

ఇద్దరం బస్సెక్కాం. సిరివెళ్ళ రాగానే, "జయప్రకాష్ రెడ్డి గారి ఊరు గదన్నా! మన యాస ఉంటే చాలు, కథ అమ్ముడుపోతాది" అన్నాడు. నిజమే, 1999లో 'సమరసింహారెడ్డి'తో ఆయన గొంతులో సీమ మాట మోగిపోయింది. అయితే ఆ చిత్రానికి కథ విజయేంద్రప్రసాద్‌ది, మాటలు పరుచూరి సోదరులవి. కథ వేరు, మాటలు వేరు. ఏది అమ్ముతున్నావో ముందు నీకు తెలియాలి నాయనా అన్నాను.

తర్వాత ఢిల్లీ నాటకకర్త ఆర్.జి. ఆనంద్ సంగతి చెప్పాను. ఆయన తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని సినిమావాళ్ళకు వినిపించారు. 1956లో 'న్యూఢిల్లీ' చిత్రం వచ్చింది. నా నాటకమే తీశారని కోర్టుకెక్కారు. 1978లో సుప్రీంకోర్టు ఏమంది? ఆలోచన ఎవరి సొత్తూ కాదు, దాన్ని మలిచిన తీరుకే హక్కు అంది. ఆయన ఓడిపోయారు. రాసి, ఆడిన నాటకానికే అట్లా అయితే బుర్రలో ఉన్న కథకు దిక్కెవరు?

ఆళ్ళగడ్డలో దిగి శిల్పుల షెడ్ల వైపు నడిచాం. ఒక పెద్దాయన ఉలి ఆపకుండానే, "కొలతలు, అడ్వాన్సు తేలినాకే రాయి మీద చెయ్యి పెడతాం నాయనా" అన్నాడు. కుర్రవాడు నా వంక చూశాడు. కొత్త రచయితకు అంత భాగ్యం లేదు. ముందు చెక్కి చూపించాలి, ఆ తర్వాతే బేరం.

అంచేత అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. ముందు ఒక్క పేజీలో లైను రాయండి. తర్వాత సీన్ ఆర్డర్, ఆపైన డైలాగ్ వెర్షన్. రాసిన క్షణమే కాపీరైటు మీది. నమోదు చేయిస్తే సాక్ష్యం గట్టిపడుతుంది. 2013 నిబంధనల్లో సాహిత్య రచనకు పెట్టిన రుసుం 500 రూపాయలే. ఎవరికి, ఏనాడు వినిపించారో రాసి పెట్టుకోండి. బేరం కుదిరితే కాగితం మీద సంతకం ఉండాల్సిందే. నోటిమాటతో హక్కు చేతులు మారదని చట్టమే చెబుతోంది. ఆ కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే 5 ఏళ్ళకనీ, ఎక్కడికో రాయకపోతే ఇండియా వరకేననీ లెక్క. డబ్బింగు, రీమేకు హక్కుల మాట కూడా అప్పుడే తేల్చుకోండి.

"మరి మీ కథ అమ్ముడుపోయిందా అన్నా?" అన్నాడు కుర్రవాడు.

లేదు తమ్ముడూ. రెండోది రాశాను, నమోదు చేయించాను, నలుగురికి వినిపించాను. ఇంకా ఎవరూ కొనలేదు. కానీ ఈసారి సినిమాకు వెళితే గుండె దడ లేకుండా ఇంటర్వెల్ దాకా కూర్చుంటున్నాను.

అతను నోటుబుక్కు తెరిచి, అయిదో పేజీకి అంకె వేశాడు.