పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని తెలుగు సామెత. అమెరికాలోని ఎన్.బి.ఎ. బాస్కెట్‌బాల్ జట్లు ఏటేటా కొత్త క్రీడాకారులను వంతులవారీగా ఎంచుకొనే డ్రాఫ్టు చరిత్ర మాత్రం ఈ సామెతను అంతగా సమర్థించదు.

2013 నాటి ఎంపికలే ఇందుకు నిదర్శనం. పదకొండవ స్థానంలో ఫిలడెల్ఫియా ఎన్నుకొన్న మైకేల్ కార్టర్-విలియమ్స్ తొలి ఆటలోనే, అప్పటి విజేత మయామీపై 22 పాయింట్లు సాధించి, 9 మార్లు ప్రత్యర్థుల నుండి బంతిని చేజిక్కించుకొన్నాడు. ఆ సంవత్సరపు ఉత్తమ నూతన క్రీడాకారుడు అతడే. పదిహేనవ స్థానంలో మిల్వాకీకి దక్కిన గ్రీసు యువకుడు యానిస్ ఆంటెటోకూంపో తొలి యేడు ఆటకు సగటున 6.8 పాయింట్లతో సరిపెట్టుకొన్నాడు.

ఆ అంకెల వెనుక వయస్సు దాగి ఉంది. మొదటివాడు 22 ఏళ్ళు నిండి, కళాశాల జట్టులో రెండేళ్ళు ఆరితేరినవాడు. రెండవవాడు గ్రీసు రెండవ శ్రేణి పోటీల నుండి 18వ ఏట ఎంపికై, ఎముకల ఎదుగుదల సైతం ముగియక, జట్టులో చేరిన పిమ్మట కూడా పొడవు పెరిగినవాడు. ఎనిమిదవ తరగతిలో పతకం రాలేదని కలవరపడే తల్లిదండ్రులకు ఈ లెక్క కొత్తగా తోచవచ్చు. అవకాశమూ గణనలోనికి రావాలి. 82 ఆటలలో 63 ఓడిన జట్టులో బంతి ఎల్లప్పుడూ కొత్తవాని చేతిలోనే ఉంటే పాయింట్లు రాకేమి చేస్తాయి? ఫిలడెల్ఫియా అతనిని 2015లోనే వదులుకొన్నది. విచిత్రమేమంటే, అతడు చేరినది మిల్వాకీలోనే!

తొలి మెరుపుకే పట్టం కట్టేవారి వాదనలో బలం లేకపోలేదు. మొదటి రౌండులో ఎంపికైనవాని తొలి ఒప్పందం నాలుగేళ్ళకు మించదు. చెట్టు పెంచినవాడొకడు, ఫలం తిన్నవాడొకడు కావచ్చు. డాలస్‌లో ఆరేళ్ళు ఆడిన స్టీవ్ నాష్ 2004లో ఫీనిక్స్‌కు తరలి, ముప్పయ్యేళ్ళు దాటిన తరువాత 2005, 2006లలో అత్యుత్తమ క్రీడాకారుడయ్యాడు. పైగా లేత వయస్సు దానంతటదే హామీ కాదు. 2001లో పాఠశాల నుండి నేరుగా వచ్చి ప్రథముడిగా ఎంపికైన క్వామే బ్రౌన్‌పై పెట్టుకొన్న ఆశలు ఫలించలేదు.

అయినప్పటికీ రాబోయే శిఖరానికే ఎక్కువ విలువ ఇవ్వడం సమంజసం. బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు తరఫున ఒకేసారి బరిలో ఉండేది ఐదుగురే. కనుక ఒక్క అసాధారణ క్రీడాకారుడు జట్టు తలరాతనే మార్చగలడు. ఓ మోస్తరు ఆటగాళ్ళు ముగ్గురు కలిసినా అతని లోటు పూడ్చలేరు. అట్టివానిని గుర్తించాలంటే ఎంత సాధించాడన్నది కాక, ఏ వయస్సులో, ఎవరిపై, ఎన్ని నిమిషాలలో సాధించాడన్నది చూడవలసి ఉంటుంది. ఆపై ఓపిక కావాలి.

మిల్వాకీ ఎనిమిదేళ్ళు ఆగింది. యానిస్ 2019, 2020లలో అత్యుత్తమ క్రీడాకారుడిగా నిలిచి, 2021 జూలైలో తుది పోరు ఆరవ ఆటలో 50 పాయింట్లు సాధించాడు. 1971 తరువాత ఆ నగరానికి దక్కిన తొలి విజేత పీఠమది.