పరదేశంలో తల్లీబిడ్డలు: భారం అల్లాహ్‌పై, బాధ్యత ఎవరిపై?

2025 నవంబర్ 17వ తేదీన మక్కా నుండి మదీనాకు వెళుతున్న బస్సు డీజిల్ ట్యాంకరును ఢీకొని, 45 మంది ఉమ్రా యాత్రికులు మరణించారు, వారిలో అత్యధికులు హైదరాబాదువారు. వారిలో తల్లులున్నారు, వారి వెంట వెళ్లిన చిన్నారులున్నారు. అల్లాహ్ వారందరినీ తన కారుణ్యఛాయలోకి తీసుకొనుగాక. ఆ తరువాత మా మనోహరాబాద్‌లో జుమా నమాజు ముగిశాక మస్జిదు అరుగు మీద జరిగిన చర్చలో కొందరు పెద్దలు ఒక తీర్పు చెప్పారు: "ఇకమీదట ఆడపిల్లను, పసిబిడ్డను సముద్రం దాటించరాదు." చాలామంది తలలూపారు. మేము ఊపలేదు. ఆ తీర్పు ఎందుకు తప్పో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

రహదారి ప్రమాదంలో పోయినవారి కోసం దుఆ చేయగలము, వారి కుటుంబాలకు తోడుగా నిలువగలము. కాని ఆపదలన్నీ అటువంటివి కావు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించిన మాకు అర్జీలు రాయడం అలవాటు. ఆ అలవాటు తెలిసి, తమ కుమార్తె, మనుమరాలు పరదేశంలో చిక్కుకొన్నారని కన్నీళ్లతో మా గడపకు వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఒక్కటీ రోడ్డు ప్రమాదం కాదు. ప్రతి ఒక్కటీ కాగితం వద్ద మొదలైనదే. ఆ కాగితం ఆ తల్లి చేతిలో లేకపోవడమే అసలు ఆపద. అది సముద్రం ఆవల పుట్టలేదు. మన ఇళ్లలోనే పుట్టింది.

అల్మారాలో లేని కాగితం

ఒక సోదరి విషయం చెబుతాము. పేరు, ఊరు, వెళ్లిన దేశం చెప్పము. భర్త గల్ఫులో డ్రైవరు. మూడేళ్ల కూతురిని చంకనెత్తుకొని ఆమె విజిట్ వీసాపై వెళ్లింది. "ఇక్కడికి వచ్చాక ఫ్యామిలీ వీసాకు మారుస్తాను" అని భర్త మాట. కొన్ని నెలలకు అతని ఉద్యోగం పోయింది. వేరే ఊళ్లో పని వెతుక్కుంటానని వెళ్లినవాడు ఫోను ఎత్తడం మానివేశాడు. తల్లీబిడ్డల పాస్‌పోర్టులను అప్పు కింద ఎవరివద్దనో కుదువపెట్టాడని తరువాత తెలిసింది. వీసా గడువు దాటింది. మన గల్ఫు కార్మికుల భాషలో తల్లీబిడ్డలిద్దరూ 'ఖల్లివెల్లి' అయిపోయారు.

ఆమె తండ్రి మా వద్దకు వచ్చినపుడు మేము అడిగిన మొదటి ప్రశ్న: పాస్‌పోర్టు నంబరెంత? తెలియదు. వీసా ఏ తేదీన ముగిసింది? తెలియదు. నికాహ్‌నామా? వియ్యంకుల ఇంట ఉంది, వారు ఇవ్వరు. మనుమరాలి జనన ధ్రువపత్రం తెచ్చి చూపాడు. అందులో పేరు గడి ఖాళీ. "సాబ్, బిడ్డను అల్లుడి చేతిలో పెట్టినం, ఇంక ఆ కాగితాలు మాకెందుకు అనుకున్నం" అన్నాడు ఆ తండ్రి. వారు ఎవరో రుజువు చేసే పత్రాలు ఇక్కడి నుండి సమకూర్చి పంపడానికే నెలలు పట్టింది. చివరకు రాయబార కార్యాలయం ఇచ్చిన అత్యవసర ప్రయాణ పత్రంపై వారు తిరిగివచ్చారు. జరిమానాలకు, టిక్కెట్లకు ఆ తండ్రి అర ఎకరం అమ్మాడు.

ఆ జరిమానా ఎంత భారమో మన ఇళ్లలో లెక్క వేసి చూపాలి. యూఏఈలో గడువు దాటి ఉన్నవారికి రోజుకు 50 దిర్హాములు. తల్లికీ బిడ్డకూ కలిపితే నెలకు 3,000. సౌదీలో కార్మికుని భార్యాబిడ్డలపై 2017 జూలైలో తలకు నెలకు 100 రియాళ్ల రుసుము మొదలుపెట్టి, ఏటా పెంచుతూ 2020 నాటికి 400 చేశారు. భార్య, ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. అది కట్టనిదే అకామా కొత్తది రాదు. భర్త కట్టలేకపోయినా, కట్టకూడదనుకున్నా, చట్టం ముందు దోషిగా నిలబడేది ఏమీ తెలియని భార్య.

పేరులో ఒక్క అక్షరం

మా ఉద్యోగ జీవితమంతా దస్త్రాలతోనే గడిచింది కనుక ఒక మాట ఖచ్చితంగా చెప్పగలము. మన సమాజంలో కాగితాల దుస్థితి పేరు దగ్గరే మొదలవుతుంది. ఆధార్‌లో 'ఎండీ', పాస్‌పోర్టులో 'మొహమ్మద్', నికాహ్‌నామాలో 'ముహమ్మద్'. పుట్టింట 'షాహీన్ బీ', బడిలో 'షాహీన్ బేగం', అత్తింట 'షాహీన్ సుల్తానా'. ముగ్గురూ ఒక్కరేనని మనకు తెలుసు. విమానాశ్రయంలో కూర్చున్న అధికారికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ అతనికి లేదు.

2023 అక్టోబర్ 1వ తేదీన, ఆ తరువాత పుట్టిన పిల్లలకు పాస్‌పోర్టు కోసం పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం తప్ప మరేదీ చెల్లదు. పేరు లేకుండా నమోదైన బిడ్డకు ఏడాదిలోపు రుసుము లేకుండానే పేరు చేర్పించవచ్చు. ఆ చిన్న పని మనం వాయిదా వేస్తాము. పెద్దల పాస్‌పోర్టు పదేళ్లు చెల్లితే పసివారిది ఐదేళ్లే చెల్లుతుందన్నదీ మరచిపోతాము. తన పాస్‌పోర్టు గడువు చూసుకొని బయలుదేరిన తల్లి, బిడ్డ పాస్‌పోర్టు వద్ద ఆగిపోయిన సందర్భాలున్నాయి.

నికాహ్ సంగతి చూడండి. ఖాజీ సాహెబ్ నింపిన సియాహానామా ఆధారంగా నాంపల్లి హజ్ హౌస్‌లోని వక్ఫ్ బోర్డు కార్యాలయం ఇంగ్లీషులో వివాహ ధ్రువపత్రం ఇస్తుంది. దానిపై రాష్ట్ర ప్రభుత్వ సాధారణ పరిపాలన శాఖ, ఆపై విదేశాంగ శాఖ ముద్రలు పడాలి. యూఏఈ, కువైట్, ఖతర్‌లకైతే ఆ దేశ రాయబార కార్యాలయపు ముద్ర కూడా కావాలి. సౌదీ, ఒమన్, బహ్రెయిన్‌లకు విదేశాంగ శాఖ ఇచ్చే అపోస్టిల్ చాలు. ఈ పత్రం లేనిదే ఫ్యామిలీ వీసా లేదు. అక్కడ కాన్పు అయితే బిడ్డ జనన నమోదుకూ చిక్కే. యూఏఈలో పుట్టిన బిడ్డకు 120 రోజులలోపు పాస్‌పోర్టు, నివాస వీసా తీసుకోవాలి. ఎన్ని రకాల వంటకాలు వడ్డించాలో నెలల ముందే తేల్చుకొనే మనం, ఈ ఒక్క కాగితం వధువు చేతికి ఎప్పుడు చేరుతుందో అడగము.

చట్టానికి కనబడని భార్యాబిడ్డలు

తప్పు మనది మాత్రమే కాదు. 1983 నాటి వలసల చట్టం 'వలసదారు' అన్న మాటకు నిర్వచనం చెబుతూ, అతనిపై ఆధారపడినవారిని అందులో నుండి మినహాయించింది. అంటే భర్త వెంట వెళ్లే భార్య, తల్లి వేలు పట్టుకొని వెళ్లే బిడ్డ ఆ చట్టం దృష్టిలో వలసదారులే కారు. కార్మికునికి ఒప్పందం ఉంది, నమోదు ఉంది, 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఉంది. అతని భార్య పేరు మీద ఏమున్నది? ఒక వీసా ముద్ర. దాని తాళంచెవి కూడా భర్త చేతిలోనే.

ఒంటరిగా పనికి వెళ్లే స్త్రీ విషయంలో ప్రభుత్వం మన మస్జిదు అరుగు మీది తీర్పునే ఇచ్చింది. పదో తరగతి పాసుకాక ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న స్త్రీ, 30 ఏళ్లు నిండనిదే గల్ఫుతో సహా 18 దేశాలకు పనికి వెళ్లరాదు. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం? కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లు విజిట్ వీసాలపై, ఏ నమోదూ లేకుండా వెళుతున్నారు. శ్రీలంక 2013లో ఐదేళ్లలోపు పిల్లలున్న తల్లులు ఇంటిపనికి పరదేశం వెళ్లరాదన్నది. వలస ఆగలేదు, దొంగదారులు పెరిగాయి. 2022లో ఆ వయసును రెండేళ్లకు తగ్గించవలసి వచ్చింది. గడప మూసినంత మాత్రాన ఆకలి ఆగదు. అది దొడ్డిదారి వెతుక్కుంటుంది.

మన రాష్ట్ర ప్రభుత్వం గల్ఫులో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షలు ఇస్తున్నది; 2024లో ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలుపెట్టింది. హర్షిస్తాము. కాని పోయినవారికి పరిహారం ఉంది, చిక్కుకొన్నవారికి అర్జీ ఉంది, బయలుదేరే తల్లికి ఏముంది? కేరళలో 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ ఏర్పడింది. 2002లో ఏర్పడిన నోర్కా రూట్స్ ప్రయాణానికి ముందే తరగతులు నిర్వహిస్తున్నది, పత్రాలపై ముద్రలు వేయించి ఇస్తున్నది. మన టామ్‌కామ్ ఉద్యోగాలు చూపుతుంది; ఉద్యోగి భార్యాబిడ్డలు ఎవరికి చెందుతారు?

మహ్రమ్ ఉంటే చాలునా?

మా పెద్దల వాదన ఒకటుంది: "మహ్రమ్ తోడున్నపుడు భయమెందుకు?" ఆ ఆదేశాన్ని గౌరవించేవారిలో మేమూ ఉన్నాము. కాని మహ్రమ్ అంటే రక్షకుడు. కాగితాల బీరువాకు కాపలాదారు కాడు. ఆ తోడు జ్వరపడవచ్చు, జైలుపాలు కావచ్చు, మరణించవచ్చు; మనసు మారి విడిచిపోవడమూ చూశాము. ఆనాడు ఆమె చేతిలో ఏముండాలి? పాస్‌పోర్టు భర్త సొత్తు కాదు, కఫీల్ సొత్తు కాదు. 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం అది భారత ప్రభుత్వపు సొత్తు. దానిని కుదువపెట్టే అధికారం ఎవరికీ లేదు. భర్త సంతకం పెట్టనంటే బిడ్డకు పాస్‌పోర్టు రాదన్న మాటా నిజం కాదు. 2016 డిసెంబరు సవరణలు తల్లిదండ్రులలో ఒకరి పేరు చాలునన్నాయి. తల్లి తన వాంగ్మూలంతో దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ సంగతులు ఏ ఖుత్బాలోనైనా, ఏ ఇజ్తిమాలోనైనా విన్నామా?

కనుక మా కోరికలు ఇవి. ఖాజీ సాహెబులు నికాహ్‌నామా అసలు ప్రతిని వధువు చేతికే ఇవ్వాలి. కుటుంబాన్ని పరదేశం పంపే ప్రతి ఇంటి కాగితాలను మస్జిదు కమిటీ చదువుకొన్న ఇద్దరు సోదరీమణుల చేత ఒక్కసారి చూపించాలి. పేర్లు ఒకటిగా ఉన్నాయా, గడువులు ఎప్పటివరకు, పుట్టింట ఒక జిరాక్సు కట్ట ఉందా అన్నది వారు సరిచూడాలి. తల్లికి తన పాస్‌పోర్టు నంబరు, బిడ్డ నంబరు, అక్కడి భారత రాయబార కార్యాలయం ఉన్న చోటు నోటికి రావాలి. ఆపదలో పడిన భారతీయులకు వసతి, న్యాయసహాయం, టిక్కెట్టు ఇవ్వడానికి 2009 నుండి రాయబార కార్యాలయాలలో సంక్షేమ నిధి ఉందన్న సంగతి ఆమెకు తెలిసి ఉండాలి.

ప్రభుత్వాన్ని కోరేది: ప్రతి జిల్లా మైనారిటీ సంక్షేమ కార్యాలయంలో ప్రయాణానికి ముందు పత్రాలు సరిచూసే బల్ల ఒకటి ఉండాలి. 1983 చట్టం స్థానంలో తేదలచిన కొత్త చట్టంలో భార్యాబిడ్డలకు చోటు ఉండాలి. ప్రవాసుల వివాహాల నమోదు బిల్లు 2019 ఫిబ్రవరిలో రాజ్యసభకు వచ్చింది. 2024లో లా కమిషన్ సమగ్ర చట్టం కావాలన్నది. ఎదురుచూస్తున్న తల్లులకు ఇంకెన్ని నివేదికలు చూపుతారు?

చివరిగా మా పెద్దలకు ఒక మనవి. ఉమ్రాకు వెళ్లిన ప్రతివారూ సఫా మర్వాల మధ్య ఏడుమార్లు నడుస్తారు. ఆ నడక ఎవరిది? పరాయి లోయలో, తోడు లేని వేళ, దప్పికగొన్న పసివానితో మిగిలిన ఒక తల్లిది. హజ్రత్ హాజిరా అల్లాహ్‌పై భారం వేశారు. భారం వేసి కూర్చోలేదు, పరుగెత్తారు. అల్లాహ్ ఆ పరుగును ప్రళయదినం వరకు ఆరాధనగా నిలిపాడు. ఆ తల్లిని తలచి నడిచే మనం, మన ఇంటి తల్లికి మాత్రం కూర్చోమని చెబుతున్నాము. ఆమెను ఆపవద్దు. ఆమె కాగితాలు ఆమెకు ఇవ్వండి.