ప్లినీ ఇచ్చిన సర్టిఫికెట్

ఆంధ్రులకు 30 కోటలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని మెగస్తనీస్ చెప్పాడట. అశోక్ నగర్ కోచింగ్ నోట్సుల్లో ఉంటుందీ వాక్యం. చిక్కడపల్లి లైబ్రరీలో పిల్లలు బట్టీ పడతారు, నారాయణగూడ టీ కొట్ల దగ్గర మనలాంటివాళ్లం గర్వంగా వల్లిస్తాం.

మెగస్తనీస్ ‘ఇండికా’ అసలు ప్రతి మనకు దక్కనే లేదు. ఆ అంకెలున్నది క్రీ.శ. 77 ప్రాంతంలో రోమన్ ప్లినీ రాసిన ‘నేచురల్ హిస్టరీ’లో. ఆయన మెగస్తనీస్ నుంచే తీసుకున్నాడన్నది పండితుల ఊహ. ప్లినీ మన నేల తొక్కినవాడు కాదు.

పోనీ, చూసినదాన్నైనా సరిగ్గా రాశాడా? ఆయన రైన్ సరిహద్దులో సైనికాధికారిగా పనిచేశాడు. ఉత్తర సముద్రపు ఒడ్డున చౌకీ అనే జర్మన్ తెగను కళ్లారా చూశానన్నాడు. దిబ్బల మీద గుడిసెలు, పశువుల్లేవు, పాలు లేవు, బురద ఎండబెట్టి పొయ్యిలో పెట్టుకుంటారు అని జాలిపడ్డాడు. వీళ్లు కూడా రోమ్ పాలనను బానిసత్వం అంటారా అని ఎత్తిపొడిచాడు. 1955-63 మధ్య అదే తీరంలో ఫెడర్సన్ వియర్డె దిబ్బను తవ్వితే పొడవాటి ఇళ్లు బయటపడ్డాయి. ఒకే కప్పు కింద మనుషులు, పశువుల కొట్టాలు!

మనకూ తవ్విన నేల ఉంది. పెద్దబంకూరులో ఇటుక బావులు, వేల నాణేలు దొరికాయి. ధూళికట్టలో మట్టికోట ఉంది. ఏ గోడ ఏ కాలానిదని మాత్రం ఎవడూ అడగడు. ‘చెప్పిందెవరు?’ అనే అడుగుతారు. సోర్స్ చూడకుండా కాపీ కొట్టిన కోడ్‌ని మా ఆఫీసులో కూడా ఒప్పుకోరు.

చౌకీల మీద ప్లినీ మాట ఎంత నిజమో పార తేల్చింది. మన మీద ఆయన మాటనూ పారే తేల్చాలి.