చివరివాడికీ చదునైన బాట

స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌ చిన్న కొండ ఊరు. కార్లు వెళ్లవు, రైలెక్కి చేరాలి. 1930 నుంచి అక్కడ లాబర్‌హార్న్ స్కీ పోటీలు జరుగుతున్నాయి. ఐగర్, యుంగ్‌ఫ్రౌ శిఖరాల ఎదుట దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల మంచు వాలు ఆ పోటీల బాట. స్కీ ప్రపంచకప్‌లో ఇంతకన్నా పొడవైన డౌన్‌హిల్ (వాలు వెంట వేగంగా జారే పోటీ) బాట లేదు. 2013లో ఫ్రాన్స్ క్రీడాకారుడు జోహాన్ క్లారే ఇక్కడ గంటకు 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. ఆ వేగాన్ని టీవీలో చూసి ఔరా అనుకుంటాం. ఆ వాలును సిద్ధం చేసినవాళ్లు మాత్రం మన కంటపడరు.

ఇలాంటి పోటీలకు కొండంత అండ వలంటీర్లే. రాత్రి కొత్త మంచు కురిస్తే, తెల్లవారకముందే వేళ్లు కొంకర్లు పోయే చలిలో పారలు పట్టి ఎత్తిపోస్తారు. రక్షణ వలలు కడతారు, క్రీడాకారులు దాటాల్సిన గేట్లు సరిచేస్తారు. మంచు మెత్తబడితే ఉప్పు చల్లి గట్టిపరుస్తారు. పోటీ మొదలయ్యాక అసలు పరీక్ష. కాస్త విరామం దొరికితే చాలు, కొందరు బాటలోకి దిగుతారు. స్కీలను వాలుకు అడ్డంగా తిప్పి, ఉక్కు అంచులతో వదులు మంచును పక్కకు నెట్టుకుంటూ కిందికి జారతారు. తర్వాతి క్రీడాకారుడు వచ్చేలోగా వలల పక్కకు తప్పుకోవాలి. మళ్లీ విరామం దొరికితే మళ్లీ అదే పని.

సెకనులో నూరో వంతు తేడాతో గెలుపోటములు తేలే ఆట ఇది. సాధారణంగా మేటి ర్యాంకులవారు ముందు దిగుతారు. వెనకవాళ్ల వంతు వచ్చేసరికి మలుపుల్లో గాడులు పడి ఉంటాయి. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు చెందిన మన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ ఒలింపిక్స్ జెయింట్ స్లాలమ్ స్కీ పోటీలో 45వ స్థానంలో నిలిచాడు. అలా వెనక వంతుల్లో దిగే క్రీడాకారులకు బాట ఎంత చదునుగా ఉంటే అంత మేలు. గాడులను పూర్తిగా మాన్పడం ఎవరి తరమూ కాదు. అయినా మొదటివాడికి దొరికిన బాటకూ చివరివాడికి మిగిలిన బాటకూ మధ్య దూరాన్ని ఈ వలంటీర్లు పోటీ ముగిసేదాకా తగ్గిస్తూనే ఉంటారు.

అందరికీ సమాన అవకాశమని నిబంధనల్లో రాసుకోవడం తేలిక. దాన్ని నేలమీదికి తేవడానికి ఒళ్లు వంచాలి. పతకం ఆశ లేనివాడి కోసమూ అంతే శ్రద్ధగా మంచు గీకే మనుషులున్నచోటే పోటీకి గౌరవం. ఏ రంగంలోనైనా వెనక వచ్చేవారి దారిని చదును చేసేవారిని ముందుగా తలచుకోవడం మన ధర్మం.